పింఛనుకూ పనికీ మధ్య తెగిన దారి: వికలాంగుల పథకాలు, వాటి చిక్కుముడులు

ప్రత్యేక పాఠశాలలు సాధారణంగా 18 ఏళ్ల దాకా చూసుకుంటాయి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రం బడి ఈడు పిల్లలకే. ఆ తర్వాత మేధో వైకల్యం ఉన్న కొడుకు ఇంటి అరుగు మీదికి చేరతాడు. తల్లి కూలికి పోవాలంటే అతన్ని ఎవరికి అప్పగించాలో తెలియదు, పోకపోతే పూట గడవదు. ఇలాంటి ఇంటికి ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ప్రభుత్వ పథకాలు లేవా అంటే ఉన్నాయి. కాకపోతే సర్టిఫికెట్ ఆసుపత్రిలో, పింఛను ఎంపీడీవో ఆఫీసులో, మూడు చక్రాల బండి సంక్షేమ శాఖ దగ్గర, సంరక్షకుడి నియామకం కలెక్టరు కమిటీలో, రుణం బ్యాంకులో, ఉద్యోగం ఇంకెక్కడో. ఒక ఆఫీసులో దక్కినదాని వల్ల ఇంకో ఆఫీసులో అర్హత పోయే సందర్భాలూ ఉన్నాయి.

2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో ఐదో సెక్షను ఒక మాట ఖరాఖండిగా చెబుతుంది. వికలాంగులకు నలుగురి మధ్య బతికే హక్కు ఉంది, ఫలానా చోటే ఉండి తీరాలని ఎవరూ బలవంతపెట్టకూడదు, ఇంటి దగ్గరే సాయం, అవసరమైతే వ్యక్తిగత సహాయకుడు కూడా అందుబాటులో ఉండాలి. అదే చట్టం నాలుగో అధ్యాయం నైపుణ్య శిక్షణ, ఉపాధి గురించి. ఈ రెండింటినీ కలిపి చదివితేనే అర్థం ఉంటుంది. పొద్దున్నే లేపి, తయారుచేసి, బస్సెక్కించే మనిషి లేకపోతే ఉద్యోగం వచ్చినా చేసేదెలా? మన పథకాల్లో పైసా చేరని చోటు సరిగ్గా అదే. తిండికి ఇంత ఇస్తారు, బండి ఇస్తారు, తోడుకు మాత్రం ఏమీ ఇవ్వరు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా చిక్కులు ఎక్కడ పడుతున్నాయో తేలిగ్గా తెలుస్తుంది.

సదరంలో వైకల్య శాతం ఎలా వస్తుంది

అన్నిటికీ మొదలు సర్టిఫికెట్. ఉమ్మడి రాష్ట్రంలో వైకల్య సర్టిఫికెట్ల కోసం మొదలైన సదరం పేరే ఇప్పటికీ జనం నోట్లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు తీసుకోవాలి. తెలంగాణ 2025లో సదరం స్థానంలో కేంద్రం నడిపే యూడీఐడీ (వికలాంగుల విశిష్ట గుర్తింపు కార్డు) పోర్టల్‌కు మారింది. ఏ దారిలో వెళ్లినా చివరికి ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ బోర్డు ముందు కూర్చోవలసిందే. 40 శాతం, అంతకు పైన వస్తేనే చాలా పథకాల తలుపు తెరుచుకుంటుంది. 2024 అక్టోబరులో సవరించిన నిబంధనల ప్రకారం యూడీఐడీ కార్డు రంగు చూస్తేనే శాతం తెలుస్తుంది: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం.

ఎక్కువమంది దెబ్బతినేది శాతాల కూడికలో. ఒక కాలిలో 25 శాతం, ఒక చేతిలో 20 శాతం ఉంటే మొత్తం 45 అనుకుంటారు. లెక్క అలా జరగదు. పెద్ద అంకెను 90లోంచి తీసేసి, మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలుపుతారు. 90లోంచి 25 పోతే 65. దాన్ని 20తో గుణిస్తే 1300. 90తో భాగిస్తే 14 చిల్లర. మొత్తం 39 చిల్లర దగ్గర ఆగిపోతుంది. అదే 30, 20 అయితే 43 దాటుతుంది. రెండు వైకల్యాలు ఉన్నవారు ఇంట్లోనే ఈ లెక్క వేసుకుని, ఎక్స్‌రేలు, పాత ఆపరేషన్ కాగితాలు అన్నీ పట్టుకుని వెళ్లాలి. డాక్టరు ఒక కీలు చూడకుండా వదిలేసినా 40కి ఇవతల పడిపోతారు.

మేధో వైకల్యం విషయంలో కొలత ఇంకో రకం. 2018లో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం సామాజిక పరిపక్వతను కొలిచే వైన్‌ల్యాండ్ పరీక్షలో 55 నుంచి 69 మధ్య వస్తే 50 శాతం, 36 నుంచి 54 అయితే 75, 21 నుంచి 35 అయితే 90, 20 లోపు అయితే 100 శాతం. 70 నుంచి 84 మధ్య ఉన్నవారికి 25 శాతమే, అంటే ఏ పథకమూ అందదు. ఈ పరీక్షలో ప్రశ్నలు ఎక్కువగా తల్లిని అడుగుతారు. చొక్కా గుండీలు తనే పెట్టుకుంటాడా, అన్నం కలుపుకుని తింటాడా, కొట్టుకు పంపితే సరుకు, చిల్లర సరిగ్గా తెస్తాడా అని. బిడ్డను నలుగురిలో తక్కువ చేయలేక "అన్నీ చేస్తాడండీ" అనేసే తల్లులు చాలామంది. గుండీ పెట్టుకోవడం వేరు, పక్కన నిలబడి ఒక్కోటీ చెబుతుంటే పెట్టుకోవడం వేరు. రెండోదైతే ఆ మాటే చెప్పాలి. వెళ్లే ముందు ఒక వారం పాటు ఏయే పనికి చేయి పట్టాల్సి వచ్చిందో కాగితం మీద రాసుకుంటే జవాబు తడబడదు.

పిల్లల సర్టిఫికెట్లకు గడువు ఉంటుంది. మేధో వైకల్యానికి 5, 10, 18 ఏళ్ల వయసులో మళ్లీ పరీక్ష చేయిస్తారు. 18లో ఇచ్చింది జీవితాంతం చెల్లుతుంది. ఆ 18వ ఏడు పరీక్ష తప్పిపోతే పింఛను ఆగడమే కాదు, ముందు చెప్పబోయే సంరక్షకుడి దరఖాస్తూ కదలదు. ఆధార్‌లో పేరు ఒక అక్షరం తేడా ఉన్నా పోర్టల్ ఒప్పుకోదు కాబట్టి ఆ దిద్దుబాటు ముందే చేయించుకోవాలి.

2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వికలాంగుల పింఛన్లను మళ్లీ పరిశీలించింది. 40 శాతానికి తగ్గినవారికి నోటీసులు వెళ్లాయి. బోగస్ సర్టిఫికెట్లు ఏరివేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ పదేళ్లుగా పింఛను మీదే బతుకుతున్న మనిషికి వచ్చే నెల నుంచి రాదని కాగితం చేతికిస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ముందు ఆలోచించాలి. అలాంటి నోటీసు వస్తే ఊరుకోకూడదు. పల్లెల్లో ఎంపీడీవోకు, పట్టణాల్లో మునిసిపల్ కమిషనర్‌కు అప్పీలు పెట్టుకుని మళ్లీ పరీక్ష కోరవచ్చు. సర్టిఫికెట్ నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కును చట్టంలోని 59వ సెక్షనే ఇచ్చింది.

ఇంటి ఆదాయం, అన్న కారు, వికలాంగుడి పింఛను

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 నుంచి వికలాంగులకు నెలకు 6,000 రూపాయలు. మంచానికో వీల్‌చైర్‌కో పూర్తిగా పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో 2023 నుంచి 4,016. తెలంగాణ నిబంధనల్లో ఒక మెలిక గమనించాలి: మిగతావారికి 40 శాతం చాలు, వినికిడి లోపానికి మాత్రం 51 శాతం ఉండాలి. కేంద్రం తన వంతుగా ఇచ్చేది నెలకు 300, అదీ 80 శాతం వైకల్యం ఉన్న పేదలకే. వికలాంగులకిచ్చే సాయం అదే తరహా ఇతర పథకాల కన్నా కనీసం నాలుగో వంతు ఎక్కువ ఉండాలని చట్టంలోని 24వ సెక్షను. రెండు రాష్ట్రాలూ ఆ కొలతను దాటాయి. దేశంలో మిగతా చాలా రాష్ట్రాలతో పోలిస్తే ఈ మొత్తాలు పెద్దవే. ఆ మేరకు మెచ్చుకోవాలి.

ఇబ్బంది అంతా అర్హతను ఇంటిని బట్టి చూడడంలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఇంటి నెల ఆదాయం పల్లెలో 10,000, పట్టణంలో 12,000 మించకూడదు. మాగాణి 3 ఎకరాల లోపు, మెట్ట 10 ఎకరాల లోపు ఉండాలి. ట్యాక్సీ, ట్రాక్టరు కాకుండా నాలుగు చక్రాల బండి ఉండకూడదు. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, పింఛనుదారు, ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. తెలంగాణలో భూమి హద్దు తరి 3 ఎకరాలు, మెట్ట ఏడున్నర ఎకరాలు. మరొకరి పింఛను ఉన్న ఇంట్లో కూడా వికలాంగులకు రెండో పింఛను ఇస్తారు, ఆ వెసులుబాటు ఉంది.

అన్న అప్పు చేసి కారు కొనుక్కుంటే అదే రేషన్ కార్డులో ఉన్న తమ్ముడి పింఛను పోతుంది. తమ్ముడు ఆ కారు ఎక్కాడా లేదా అని ఎవరూ అడగరు. చూపు లేని 35 ఏళ్ల మనిషిని చట్టం సొంత హక్కులున్న వ్యక్తిగా చూస్తుంది, పింఛను పోర్టల్ మాత్రం రేషన్ కార్డులో ఒక పేరుగా చూస్తుంది. నలుగురి మధ్య సొంతంగా బతకడం అనే మాట ఇక్కడే మొదటి దెబ్బ తింటోంది.

రెండో దెబ్బ పనికి వెళ్లినప్పుడు. పల్లెలో ఉన్న ఒక వికలాంగ యువతికి దగ్గరి పట్టణంలో 12,000 జీతానికి ఉద్యోగం దొరికిందనుకుందాం. ఇంటి ఆదాయం 10,000 హద్దు దాటింది, పింఛను ఆగాలి. 12,000 వచ్చాయి, 6,000 పోయాయి. మిగిలిన 6,000లో రోజూ ఆటోకు, బస్సుకు 100 రూపాయలైనా, 26 రోజులకు 2,600. అంటే నెలంతా పనిచేస్తే అదనంగా చేతికొచ్చేది 3,400. వెన్నుపూస దెబ్బతిని వీల్‌చైర్‌లో ఉంటూ 15,000 అందుకుంటున్న కుర్రాడికి ఇంకా కష్టం. అతను కంప్యూటర్ మీద డేటా ఎంట్రీ చేయగలడు. 12,000 ఉద్యోగంలో చేరితే నెలకు 3,000 నష్టపోతాడు. పైగా ఆరు నెలల్లో ఉద్యోగం పోతే పింఛను మళ్లీ వస్తుందన్న పూచీ లేదు. బద్ధకంతో పనికి వెళ్లడం లేదని చుట్టాలు అనే మాటల వెనక ఈ లెక్క ఉంటుంది. జీతం పెరిగే కొద్దీ పింఛనును కొంచెం కొంచెంగా తగ్గించడం, ఉద్యోగం పోతే కొత్త దరఖాస్తు లేకుండా వెంటనే తిరిగి ఇవ్వడం అనే రెండు మార్పులు చేస్తే చాలామంది గడప దాటుతారు. వైకల్యం వల్ల అయ్యే ఖర్చు ఉద్యోగం రాగానే మాయమైపోదు కదా.

18 నిండిన రోజు

18 ఏళ్లు నిండగానే తల్లిదండ్రులు చట్టరీత్యా సహజ సంరక్షకులు కాకుండా పోతారు. చాలా ఇళ్లలో ఇది బ్యాంకు కౌంటరు దగ్గరే తెలుస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం అనే నాలుగింటికీ 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఒక దారి చూపింది. జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ చట్టబద్ధ సంరక్షకుడిని నియమిస్తుంది. ఫారం 'ఎ'లో దరఖాస్తు, వైకల్య సర్టిఫికెట్, వయసు, చిరునామా ఆధారాలు ఇస్తే, కమిటీ విచారించి ఫారం 'బి'లో ఉత్తర్వు ఇస్తుంది. కోర్టుకు, వకీలుకు పని లేదు. ఆ ఉత్తర్వు ఉంటే ఖాతా తెరవడానికి ఒప్పుకోవాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. అయినా కింది శాఖల్లో సివిల్ కోర్టు ఉత్తర్వే కావాలని తిప్పి పంపే సందర్భాలు ఉన్నాయి. అప్పుడు నోటిమాటతో వదలకుండా, ఎందుకు కుదరదో రాతపూర్వకంగా ఇవ్వమని అడగాలి. చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది.

సంరక్షకుడికి బాధ్యతలూ ఉన్నాయి. నియామకం జరిగిన ఆరు నెలల్లో ఆ వ్యక్తి ఆస్తి, అప్పుల జాబితా కమిటీకి ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో ఏటా లెక్కలు చూపాలి. ఇది చాలామంది మరిచిపోతారు. తల్లిదండ్రులు పోయాక అన్నదమ్ముల మధ్య తగాదా వస్తే, ఈ లెక్కలే ఆ బిడ్డకు రక్ష. ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి: ఈ వైకల్యాలున్న ప్రతి ఒక్కరికీ సంరక్షకుడు అక్కర్లేదు. డబ్బు విలువ తెలిసి, సంతకం దేనికో అర్థమయ్యే మనిషిని ఖాతా తనే నడుపుకోనివ్వాలి. అవసరం లేని చోట సంరక్షణ అంటే ఉన్న స్వేచ్ఛను లాక్కోవడమే.

నేషనల్ ట్రస్టే నడిపే నిరామయ ఆరోగ్య బీమా ఈ నాలుగు వైకల్యాలవారికీ ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. చేరడానికి దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి 250, పైనున్నవారికి 500 రూపాయలు. మరుసటి ఏడు నుంచి 50, 250. ముందస్తు వైద్య పరీక్షలు ఉండవు, వయసు పరిమితి లేదు, థెరపీ ఖర్చు కూడా వస్తుంది. డబ్బు ముందు మనం పెట్టుకుని బిల్లులతో తర్వాత తెచ్చుకోవాలి. ఏటా రెన్యువల్ చేయించకపోవడం వల్లే ఎక్కువమంది దీన్ని పోగొట్టుకుంటున్నారు.

ఉండే చోటు

తల్లిదండ్రులను ఎప్పుడు కదిపినా వచ్చే మాట ఒకటే: "మేం పోయాక వీడి గతేంటి?" దీనికి మన దగ్గర ఉన్న జవాబు చాలా చిన్నది. నేషనల్ ట్రస్టు కింద పగలు చూసుకునే దిశ-వికాస్ కేంద్రాలు, ఉండడానికి సమర్థ్-ఘరౌందా ఇళ్లు ఉన్నాయి. వీటిని నడిపేది ట్రస్టులో నమోదైన స్వచ్ఛంద సంస్థలు. సంస్థ లేని జిల్లాలో పథకం ఉన్నా కేంద్రం ఉండదు. పగటి కేంద్రం ఒక్కటి మండలానికి దగ్గరలో ఉంటే తల్లి పనికి వెళ్తుంది, కొడుకు నలుగురిలో ఉంటాడు, ఇల్లు విడిచిపోయే అవసరం ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది. పెద్ద పెద్ద హోములు కట్టడం కన్నా ఇలాంటి చిన్న కేంద్రాలకు డబ్బు పెట్టడమే మేలని ఈ రంగంలో పనిచేసేవారు ఎప్పటినుంచో అడుగుతున్నారు.

మానసిక అనారోగ్యం ఉన్నవారి సంగతి 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం చూస్తుంది. ఇంటివాళ్లు తీసుకెళ్లడం లేదన్న ఒక్క కారణంతో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచకూడదని దాని 19వ సెక్షను చెబుతుంది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలోనైనా, విశాఖలోనైనా జబ్బు నయమైన మనిషి వెళ్లేందుకు మధ్యస్థ నివాసం ఉండాలి. లేకపోతే అతను ఆ వార్డులోనే ఉండిపోతాడు.

తోడు విషయంలో దక్షిణాదిలోనే మరో రెండు రాష్ట్రాలు ఒక అడుగు ముందున్నాయి. కేరళ ఆశ్వాసకిరణం పథకంలో మంచాన ఉన్నవారిని చూసుకునే ఇంటి మనిషికి నెలకు 600 రూపాయలు ఇస్తుంది. మొత్తం చిన్నదే, కానీ చూసుకోవడమూ పనేనని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. తమిళనాడులో ప్రపంచ బ్యాంకు రుణంతో 2022లో ఆమోదం పొందిన రైట్స్ ప్రాజెక్టు కింద విళుదుగళ్ పేరుతో సేవా కేంద్రాలు తెరుస్తున్నారు. విళుదుగళ్ అంటే మర్రి ఊడలు. థెరపీ, సలహా, పథకాల దరఖాస్తు అన్నీ ఒకే గడపలో ఇవ్వాలన్నది ఉద్దేశం. మన దగ్గర తోడుకు విలువ కట్టిన చోటు వెతికితే రైల్వే కనిపిస్తుంది. ఒంటరిగా ప్రయాణించలేని కదలిక వైకల్యం, మేధో వైకల్యం, పూర్తి అంధత్వం ఉన్నవారికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం రాయితీ ఉంటే, వెంట వెళ్లే మనిషికీ అంతే రాయితీ ఉంది. టికెట్టు దగ్గర అర్థమైన సంగతి పింఛను దగ్గర అర్థం కావడం అంత కష్టమేమీ కాదు.

పని

ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్. చూపు లోపానికి 1, వినికిడి లోపానికి 1, కదలిక వైకల్యానికి 1. ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన లోపం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం అన్నిటికీ కలిపి 1. ఇది వంద పాయింట్ల రోస్టర్ (ఏ పోస్టు ఎవరికో చెప్పే వరుస పట్టిక) మీద నడుస్తుంది కాబట్టి, ఒక కేడర్‌లో ఏటా 12 పోస్టులే భర్తీ అయితే ఒక్కో పాయింట్ రావడానికి ఏళ్లు పడుతుంది. తగిన అభ్యర్థి దొరకకపోతే ఆ ఖాళీ మరుసటి ఏడాదికి వెళ్లాలి. అప్పుడూ దొరకకపోతే మరో వైకల్య విభాగానికి మార్చాలి. ఎవరూ లేరని తేలాకే ఇతరులకు ఇవ్వాలి. ఈ వరుస పాటించారా లేదా అన్నది సమాచార హక్కు దరఖాస్తుతో అడిగి తెలుసుకోవచ్చు.

నోటిఫికేషన్‌లో పోస్టు పక్కన ఓఏ, ఓఎల్, బీఎల్ లాంటి అక్షరాలు ఉంటాయి. ఒక చేయి, ఒక కాలు, రెండు కాళ్లు అని వాటి అర్థం. ఆ పోస్టు ఏయే వైకల్యాలకు తగినదని గుర్తించారో చెప్పేవి అవే. చూడకుండా దరఖాస్తు చేస్తే రాత పరీక్ష గట్టెక్కినా మెడికల్ బోర్డు దగ్గర ఆగిపోతారు. పరీక్షలో రాయలేనివారికి సహాయకుడిని ఇస్తారు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఉంటుంది, అంటే మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు. 40 శాతం లోపు ఉన్నా, రాయడంలో ఇబ్బంది ఉందని డాక్టరు ధ్రువీకరిస్తే ఈ సదుపాయం ఇవ్వాలి. 2021లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కేంద్రం 2022లో దీనికి విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది.

ప్రభుత్వ సంస్థల్లో ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయడానికి వీల్లేదు. అదే జీతంతో వేరే పని ఇవ్వాలి, అలాంటి పోస్టు లేకపోతే ప్రత్యేకంగా ఒకటి సృష్టించి రిటైరయ్యే దాకా ఉంచాలి. ఇది చట్టంలో 20వ సెక్షను. వర్ణాంధత్వం ఉందని విధుల నుంచి తప్పించిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు విషయంలో 2025లో సుప్రీంకోర్టు వేరే పని ఇవ్వాల్సిందేనని చెప్పింది. రాజీనామా రాసివ్వమని ఎవరు నచ్చజెప్పినా సంతకం చేయకండి. స్వచ్ఛందంగా మానేశారని ఫైలులో చేరితే ఆ తర్వాత ఈ సెక్షను వాడుకోవడం చాలా కష్టం.

ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు, కానీ ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. 20 మంది, ఆపైన పనిచేసే చోట అందులో వివరాలన్నీ ఉండాలి. అడగాల్సిన సదుపాయాలు చాలావరకు ఖర్చు లేనివే. చూపు లేనివారికి తెరపై అక్షరాలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉచితం. ర్యాంపు వాలు 1:12 ఉండాలి, అంటే అరడుగు మెట్టుకు ఆరడుగుల పొడవు. మూడడుగుల్లో ఏటవాలుగా సిమెంటు పోసి ర్యాంపు అంటే దాని మీద వీల్‌చైర్ వెనక్కి దొర్లుతుంది. ఈఎస్ఐ వైద్యానికి మామూలు ఉద్యోగులకు జీతం హద్దు 21,000 అయితే, వికలాంగులకు 25,000. హెచ్ఆర్ వాళ్లకే చాలాసార్లు ఇది తెలియదు.

మేధో వైకల్యం ఉన్నవారికి శిక్షణ తర్వాత ఉద్యోగం అనే వరుస అంతగా పనిచేయదు. ముందు ఉద్యోగం, అక్కడే శిక్షణ అన్నది పనిచేస్తుంది. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో సికింద్రాబాద్‌లో మొదలైన జాతీయ సంస్థ నీపిడ్ ఈ తరహా వృత్తి శిక్షణలో పనిచేస్తోంది. ఒక హోటల్లో టిష్యూ కాగితంలో చెంచా, ఫోర్కు చుట్టే పని చూడండి. మనకు ఒకే పని. నేర్చుకునేవారికి అది ఐదు పనులు: కాగితం మూలగా పెట్టడం, చెంచా కింద, ఫోర్కు పైన పేర్చడం, కింది అంచు మడవడం, పక్కల నుంచి చుట్టడం, ట్రేలో ఒకే వైపు తిప్పి పెట్టడం. జాబ్ కోచ్ మొదటి వారం పక్కనే కూర్చుంటారు. తర్వాత తప్పిన మెట్టు దగ్గరే చేయి అందిస్తారు. క్రమంగా రోజులో ఒక గంటకు, వారంలో ఒక రోజుకు తగ్గుతారు. బస్సు దిగాల్సిన స్టాపు, టిఫిన్ డబ్బా తెరిచే వేళ, సూపర్‌వైజర్ కేకేస్తే ఏం చేయాలి అన్నవీ ఈ శిక్షణలో భాగమే. ఉద్యోగాలు పోయేది ఎక్కువగా వీటి దగ్గరే, చెంచాల దగ్గర కాదు.

ఆ కోచ్ జీతం ఎవరిస్తారు? ఏ పింఛను పద్దులోనూ, ఏ నైపుణ్య పథకంలోనూ నెలల తరబడి పక్కనుండే మనిషికి డబ్బు లేదు. శిక్షణ పథకాలు గంటల లెక్కన డబ్బిచ్చి, ఉద్యోగంలో చేర్చిన మరికొన్నాళ్లకు చేతులు దులుపుకుంటాయి. స్వచ్ఛంద సంస్థలు కంపెనీల సామాజిక బాధ్యత నిధులతో నెట్టుకొస్తున్నాయి. నిధి ఆగిన ఏడాది కోచ్ ఆగుతారు, కోచ్ ఆగిన కొన్ని నెలల్లో ఆ అబ్బాయి మళ్లీ అరుగు మీద ఉంటాడు.

సొంత పని పెట్టుకునేవారికి ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం (పీఎంఈజీపీ) మేలైనది. వికలాంగులు ఇందులో ప్రత్యేక విభాగం. సొంత వాటా 5 శాతమే, సబ్సిడీ పల్లెలో 35, పట్టణంలో 25 శాతం. పల్లెలో 3 లక్షలతో పిండి గిర్ని పెట్టాలంటే చేతి నుంచి 15,000, బ్యాంకు రుణం 2,85,000, సబ్సిడీ 1,05,000. ఆ సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి తర్వాత రుణంలో సర్దుబాటవుతుంది, అంతవరకు ఆ మేరకు రుణానికి వడ్డీ పడదు. మధ్యలో గిర్ని మూసేస్తే సబ్సిడీ వెనక్కి పోయి మొత్తం అప్పు మీద పడుతుంది. కాబట్టి కరెంటు కనెక్షన్, ఊళ్లో ఎన్ని గిర్నులున్నాయి అన్నవి దరఖాస్తుకు ముందే చూసుకోవాలి. జాతీయ దివ్యాంగుల ఆర్థిక, అభివృద్ధి సంస్థ కూడా తక్కువ వడ్డీకి 50 లక్షల దాకా రుణాలిస్తుంది. అవి నేరుగా కాకుండా రాష్ట్ర సంస్థల ద్వారానో బ్యాంకుల ద్వారానో అందుతాయి.

తిరస్కరించినప్పుడు

కాదన్న ప్రతిసారీ కాగితం అడగండి. ప్రభుత్వ ఆఫీసుల్లో ఈ చట్టం కింద ఫిర్యాదుల అధికారి ఒకరు ఉండాలి, ముందు వారికి రాయాలి. పని కాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు. వకీలు అవసరం లేదు, తెలుగులో రాయొచ్చు. ఎవరు, ఏ తేదీన, ఏ సదుపాయం నిరాకరించారు, మనం కోరేది ఏమిటి అన్నవి ఒక పేజీలో ఉంటే చాలు. యూడీఐడీ కార్డు, తిరస్కరించిన కాగితం జతచేయాలి. సాక్షులను పిలిపించడంలో, పత్రాలు తెప్పించడంలో కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. కమిషనర్ సిఫారసు చేశాక ఆ శాఖ చర్య తీసుకుని మూడు నెలల్లో తెలియజేయాలి. ఆ సిఫారసు లేఖ అందగానే దాని మీది తేదీకి మూడు నెలలు కలిపి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. గడువు దాటిన మర్నాడే, అదే లేఖ నకలు జతచేసి రెండో కాగితం పంపాలి.